పలకలేదు అని రాసిన నంబర్లు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది కానీ, పదహారేళ్ళుగా అందరూ పిలిచేది లిఫ్టక్క అనే. లిఫ్టులు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో ఫిర్యాదుల ఫోను ఆమె చేతిలో ఉంటుంది. టైర్ల కొట్టు మీద రెండు గదుల ఆఫీసు. ముందు గదిలో ఆమె బల్ల, దాని మీద ల్యాండ్‌లైను, ఫోన్ చేసినవాళ్ళ నంబరు కనబడే చిన్న తెర, గీతల రిజిస్టరు. గోడకు కంపెనీ చూసుకునే నూట నలభై లిఫ్టుల పట్టిక. లోపలి గదిలో యజమాని. నలుగురు మెకానిక్‌లు నూనె చేతులతో ఎప్పుడూ ఏదో ఒక భవనంలోనే ఉంటారు.

లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళకు తలుపు పక్కన అంటించిన నంబరే దిక్కు. దానికి చేస్తే మొదట వినపడేది లిఫ్టక్క గొంతు. చలికాలం ఎండలాంటి గొంతది. ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళు మెకానిక్ వచ్చేసరికి నవ్వుతూ కనబడిన రోజులున్నాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఊళ్ళో సగంమంది ఆమె మొహం ఎరగరు కానీ నోరు ఎరుగుదురు.

ఫోను విషయంలో ఆమెకు పట్టింపులెక్కువ. మూడో రింగు దాటకూడదు. ముందు మనమెవరమో చెప్పాలి, తరవాతే ఎదుటివాళ్ళ సంగతి అడగాలి. అరగంట పట్టే పనికి "ఐదు నిమిషాల్లో వచ్చేస్తారు" అని అబద్ధమాడకూడదు. అవతలివాళ్ళు పెట్టేదాకా మనం పెట్టకూడదు. ఇవి ఎవరూ నేర్పినవి కావు, తగిలిన దెబ్బలు నేర్పినవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి, లిఫ్టు పెట్టె పైకెక్కి పనిచేస్తున్న పెద్ద మెకానిక్‌కు ఫోన్ చేసింది. జేబులో ఫోను మోగేసరికి ఆయన ఉలిక్కిపడ్డాడు, చేతిలో స్పానరు జారి ఆరంతస్తుల కింద పడింది. అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు. ఆయన ఆఫీసుకొచ్చి తిట్టలేదు. మంచినీళ్ళు తాగి, "అమ్మాయ్, నేను పైనున్నప్పుడు నన్ను పిలవకు తల్లీ. వాచ్‌మన్‌కి చెయ్యి" అన్నాడంతే. ఆ మాట ఆమెకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

అయితే మెసేజ్‌లంటే మాత్రం ఆమెకు మొదటినుంచీ గిట్టదు. "మెసేజ్ అంటే ఏంటి? తలుపు సందులోంచి కాయితం తోసి పారిపోవడం. చూశాడో లేదో తెలీదు, చూసి నవ్వాడో ఏడ్చాడో తెలీదు. మనిషన్నాక గొంతు వినపడాలి" అనేది.

ఈ మాట ఆమె ఎక్కువగా అనేది కూతురి మీద కోపంతో. ఇరవై రెండేళ్ళ కూతురు నాలుగు గంటల బస్సు ప్రయాణమంత దూరంలో హాస్టల్లో ఉండి, కంటి పరీక్షలు చేసే కోర్సు చదువుతోంది. మూడు నెలలుగా ఆ పిల్ల తల్లి ఫోను ఎత్తడమే మానేసింది. ఆరుసార్లు చేస్తే ఒక మెసేజ్ వచ్చేది: "క్లాసులో ఉన్నా. ఏంటో రాయి."

"కన్నతల్లితో మాట్లాడ్డానికి క్లాసు అడ్డమొచ్చింది దీనికి! రాత్రి ఎనిమిదింటికి ఏం క్లాసండీ?" అని ఆమె భర్త ముందు వాపోయేది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. స్టీరింగు ముందున్నంతసేపూ ఫోను టిఫిన్ సంచిలోనే ఉండాలన్నది ఆయన నియమం. పెద్దగా మాట్లాడడు, మాట్లాడితే పుల్ల విరిచినట్టే. "నువ్వు దానికి ఫోన్ చేస్తే మాట్లాడినట్టుండదే. మా బస్సులోకి టిక్కెట్లు చెక్ చేసేవాడు ఎక్కినట్టుంటుంది" అన్నాడు.

"అంత మాటన్నారేంటి?"

"ఎక్కడున్నావు, పక్కనెవరున్నారు, ఎన్నింటికి తిన్నావు, మళ్ళీ ఎన్నింటికి తింటావు. ఏ అంతస్తులో ఇరుక్కుందో కనుక్కుంటున్నావా?"

ఆమె మూతి ముడుచుకుంది. నిజానికి కూతురు కూడా ఒకసారి అలాగే అంది: "నువ్వు అడుగుతుంటే పక్కన రిజిస్టర్లో రాసుకుంటున్నట్టు ఉంటుందమ్మా." అప్పుడు నవ్వేసి ఊరుకుంది. ఇప్పుడు భర్త కూడా అనేసరికి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఫోనుతో తప్ప.

ఆ రెండో రోజే జరిగింది ఇది.

మధ్యాహ్నం మూడున్నర. ఫోను మోగింది. ఎత్తి కంపెనీ పేరూ తన పేరూ చెప్పింది. అవతల చడీచప్పుడూ లేదు. "హలో" అని మూడుసార్లు అంది. పెట్టేసి, తెర మీది నంబరు రిజిస్టర్లో ఎక్కించి, ఎదురుగా ఎప్పటిలాగే ‘పలకలేదు’ అని రాసింది. ఇలాంటివి నెలకు రెండో మూడో వస్తుంటాయి. జేబులో ఫోను దానంతటది నొక్కుకున్నవి కొన్ని, ఆకతాయి పనులు కొన్ని. అవతలివాళ్ళు పెట్టేదాకా మనం పెట్టకూడదన్న ఆమె నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

నిమిషం తిరగకుండా అదే నంబరు. మళ్ళీ మౌనం.

లోపలి గదిలోంచి యజమాని కేకేశాడు. "మూగనోము పట్టినవాడేనా మళ్ళీ? పెట్టెయ్యమ్మా, లైను ఖాళీగా ఉండాలి."

పెట్టెయ్యబోయింది. చెవి దగ్గర్నుంచి రిసీవరు తీస్తుండగా ఒక చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. రెక్క వంగిన చిన్న ఫ్యాను, ఇనప జాలీకి తగులుతూ తిరుగుతున్న చప్పుడు. అలాంటి ఫ్యాను ఇళ్ళలో ఉండదు, ఆఫీసుల్లో ఉండదు. దాని వెనక, ఆగి ఆగి తీసుకుంటున్న ఊపిరి.

ఆమె రిసీవరు మళ్ళీ చెవికి ఆనించుకుంది. "ఎవరైనా సరే, వినండి. మీరు లిఫ్టులో ఉన్నారా? ఉంటే ఫోను మీద గోటితో రెండుసార్లు కొట్టండి."

టిక్ టిక్.

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. "దెబ్బ తగిలిందా? తగిలితే రెండు, లేకపోతే ఒకటి."

ఒకటి.

"మాట్లాడ్డానికి ఇబ్బందా?"

రెండు.

"మెసేజ్ రాయగలరా?"

రెండు. ఈసారి గబగబా, ప్రాణం లేచొచ్చినట్టు.

కానీ ల్యాండ్‌లైనుకు మెసేజ్ రాదు కదా. సొంత నంబరు బయటివాళ్ళకు ఇవ్వకూడదని యజమాని నియమం. ఆమె ఆ గది వైపు చూడనైనా చూడకుండా, తన సెల్ నంబరు ఒక్కో అంకె చెప్పి ఆగింది. ప్రతి అంకెకూ అటునుంచి ఒక టిక్ వచ్చాక తరవాతి అంకె చెప్పింది. చివరి అంకె అయ్యాక, "ఇక ఫోను పెట్టేసి రాయండి. నేనెక్కడికీ పోను" అంది.

అర నిమిషానికి మెసేజ్ వచ్చింది. "నాకు నత్తి. కంగారు పడితే మాట పూర్తిగా ఆగిపోతుంది. క్షమించండి. పాత మార్కెట్ వెనక ఎనిమిదంతస్తుల భవనం. నాలుగుకీ ఐదుకీ మధ్య ఉన్నాను. ఒక్కణ్ణే. దీపం ఆరిపోయింది." అక్షరాలూ చుక్కలూ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

పెద్ద మెకానిక్ రెండు వీధుల అవతల పని ముగించి కిందికి దిగినట్టు అంతకుముందే చెప్పాడు. ఆయనకు ఫోన్ చేసి పంపింది. ఆ భవనం వాచ్‌మన్ పెద్దాయన, అక్షరం ముక్క రాదు. ఆయనకూ ఫోన్ చేసి, "బాబాయ్, నాలుగో అంతస్తు తలుపు దగ్గర నిలబడి గట్టిగా, మేమున్నాం అని అరువు. జవాబు రాకపోయినా అరుస్తూనే ఉండు" అని చెప్పింది. తరవాత సెల్ తీసుకుని, ఒంటి వేలితో, పిట్ట గింజలేరుకున్నట్టు రాయడం మొదలుపెట్టింది.

"మెకానిక్ బయలుదేరాదు. 20 నిముషాలు. కంగారు పడకంది."

జవాబు: "బయలుదేరాడనే అనుకుంటున్నాను."

ఆమె నాలిక్కరుచుకుంది. "డా. బయలుదేరాడు. మీరు ఊపిరి బాగా పిల్చండి."

"ఊపిరిని పిలవమన్నారు. పిలుస్తున్నాను. వస్తోంది."

ఇరుక్కున్న మనిషి హాస్యమాడుతున్నాడంటే సగం గండం గడిచినట్టే. ఆమె రిజిస్టరు పక్కకు నెట్టేసింది. అడిగితే జవాబు రాయాల్సిన బరువు ఆయన మీద పడుతుందని, అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టింది. మెకానిక్ ఎక్కడిదాకా వచ్చాడో, అరుస్తున్నది వాచ్‌మనే అని, పైన దడదడమంటే తమ మెకానిక్ ఎక్కినట్టని. ఎక్కిన సంగతి వాచ్‌మన్‌కు ఫోన్ చేసి తెలుసుకుంది. మెకానిక్ జోలికి మాత్రం పోలేదు.

మధ్యలో ఒకచోట అటునుంచి జవాబు ఆగిపోయింది. ఒక నిమిషం. రెండు. నాలుగు. ఆమె బొటనవేలు కాల్ గుర్తు మీదికి వెళ్ళింది. పదహారేళ్ళ అలవాటది, చెయ్యమనే చెబుతుంది. కానీ చేస్తే ఆయన ఎత్తాలి, ఎత్తితే పలకాలి, పలకలేకపోతే ఉన్న ధైర్యం కూడా పోతుంది. వేలు వెనక్కి తీసుకుని, "జవాబు రాయక్కర్లేదు. ఇక్కడే ఉన్నా" అని పంపింది. కాసేపాగి మళ్ళీ అదే. మళ్ళీ అదే.

అప్పుడు తెర వెలిగింది. "సిగ్నల్ పోయి వచ్చింది. మీ మెసేజ్‌లు మూడూ కలిసొచ్చాయి. చీకట్లో ఒక్కసారే ముగ్గురు చుట్టాలొచ్చినట్టుంది."

ముప్పావుగంటకు తలుపు తెరుచుకుంది. వాచ్‌మన్ ఫోన్లో, "వచ్చాడమ్మా, నిలబడ్డాడు, నవ్వుతున్నాడు కూడా" అని అరిచాడు. తరవాత ఆ మనిషి నుంచి చివరి మెసేజ్ వచ్చింది: "నేను ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగిని. మీరు రాసిన వాటిలో పంతొమ్మిది తప్పులున్నాయి. రెండే ఎత్తి చూపాను. మిగతావి దిద్దడానికి మనసొప్పలేదు."

లిఫ్టక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వుతూనే రిజిస్టరు ముందుకు లాక్కుంది, ఈ సంగతి ఎక్కిద్దామని. మూడున్నర గంటలకు తాను రాసిన మాట ఎదురైంది. ‘పలకలేదు.’

పేజీ వెనక్కి తిప్పింది. మొన్నటి వారం ఒకటి. పోయిన నెల రెండు. దాని ముందు మూడు. ఎప్పటికప్పుడు తన గుండ్రటి చేతిరాతతో, శ్రద్ధగా, ‘పలకలేదు’, ‘పలకలేదు’. బీరువాలో మిగిలింది నిరుటి రిజిస్టరు ఒక్కటే, అదీ తీసింది. సాయంత్రానికి రెండింటిలో కలిపి అరవై నంబర్లు తేలాయి.

"పోయినేడాది ఫోన్లమ్మా అవి! ఇప్పుడు కదిపి ఏం చేస్తావు? కూర్చుని తలనొప్పి కొని తెచ్చుకోవడం కాకపోతే" అన్నాడు యజమాని.

"వీటిలో ఒక్కరు నిజంగా ఇరుక్కున్నవాళ్ళున్నా, సాయమడిగిన మనిషి మొహానే తలుపేసినట్టు కదా సార్" అంది ఆమె.

ఆయన తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని సరేనన్నట్టుగానే తీసుకుంది.

అరవై మందికీ పంపాల్సిన మెసేజ్ రాసి, ముందు ఆ ప్రెస్సాయనకే పంపింది, తప్పులుంటే దిద్దమని. ‘ఫలానా రోజు మీ నంబరు నుంచి మా లిఫ్టు కంపెనీకి ఫోన్ వచ్చింది. మీరు పలకలేదు. అప్పుడు లిఫ్టులో ఇరుక్కున్నారా? మెసేజ్ రాసినా చాలు’ అని ఉందందులో. ఆయన అక్షరదోషాలు దిద్దాడు. దిద్ది, ఒక్క వాక్యం మార్చాడు. ‘మీరు పలకలేదు’ కొట్టేసి, ‘మాకు వినపడలేదు’ అని పెట్టాడు. ఆమె ఆ రెండు మాటల్నీ చాలాసేపు పక్కపక్కన పెట్టుకుని చూసింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూతపెట్టాక రోజుకు ఆరేడు చొప్పున పంపింది. చాలావాటికి జవాబే లేదు. చంటిపిల్లాడు నొక్కాడని ఒకరు, రాంగ్ నంబరని నలుగురు. ఒకాయన తిట్టాడు. ఇంకొకాయన వాటర్ ఫిల్టరు కొంటారా అని అడిగాడు. తొమ్మిదో రోజున ఒక జవాబు వచ్చింది.

"అవునండి. పోయిన సంవత్సరం. గంటా పది నిమిషాలు. నాకు పుట్టినప్పట్నుంచీ వినపడదు, మాట రాదు. ఇప్పుడు లిఫ్టు ఎక్కడం లేదు. ఎందుకు అడుగుతున్నారు?"

ఆమె ఆ ఆదివారమే వెళ్ళింది, ముందుగా మెసేజ్ పెట్టి, రావచ్చా అని అడిగి. బట్టలు కుట్టే అమ్మాయి, ముప్ఫై ఏళ్ళుంటాయి. ఏడో అంతస్తులో ఒక గదే ఇల్లూ కుట్టుకొట్టూనూ. కిటికీ కింద మిషను, గోడకు వేలాడుతూ సగం కుట్టిన గౌన్లు. ఏడాదిగా గుడ్డల మూటలు భుజాన వేసుకుని ఏడంతస్తులూ మెట్లెక్కుతోంది.

ఇద్దరూ మిషను బల్లకు చెరోపక్క కూర్చున్నారు. అమ్మాయి చకచకా రాసి, ఫోను ఇటు తిప్పి చూపించింది.

"వినపడదని తెలిసీ ఫోన్ చేశాను. వేరే దారి లేదు. మీరు ఎత్తారని తెర మీద సెకండ్లు చూసి తెలిసింది. ఒకటి, రెండు, మూడు. అవి నడుస్తున్నంతసేపూ ఎవరో ఉన్నారనుకున్నాను. పద్నాలుగు దగ్గర ఆగిపోయాయి."

లిఫ్టక్క మూడుసార్లు చదివింది. గొంతుతో బతికిన మనిషికి ఆ గదిలో గొంతు అక్కరకు రాలేదు. ఫోను తీసుకుని రాసింది: "పెట్టేసింది నేనే చెల్లీ. తప్పు చేశాను."

అమ్మాయి తల అడ్డంగా ఊపి రాసింది: "మీకెలా తెలుస్తుంది? ఆ స్టిక్కరు మీద నంబరుంది. కానీ అది మాట్లాడేవాళ్ళకే."

కింద పెద్ద మెకానిక్ అప్పటికి గంటసేపట్నుంచి ఆ లిఫ్టును నట్టునట్టూ చూస్తున్నాడు. ఆదివారం సెలవైనా రమ్మనగానే వచ్చాడు. అంతా సరిగ్గా ఉందని మెసేజ్ పెట్టాడు. లిఫ్టక్క తెర చూపించి, కళ్ళతోనే అడిగింది: వెళ్దామా? అమ్మాయి మిషను మీది కత్తెర అటు జరిపింది, ఇటు జరిపింది. చివరికి లేచింది.

తలుపులు మూసుకున్నాయి. అమ్మాయి చెయ్యి వచ్చి ఆమె మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు నొక్కుకున్నాయి. ఆరు. ఐదు. నాలుగో అంతస్తులో లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది. అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుంది. తలుపు తెరుచుకుంటే ఎదురుగా ఒక తాతగారు, చేతిలో పాల సంచితో, లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఇద్దరినీ వింతగా చూస్తున్నాడు. కళ్ళు తెరిచి ఆయన్ని చూసిన అమ్మాయికి నవ్వాగలేదు. కిందిదాకా నవ్వుతూనే ఉంది. కిందికి దిగాక తానే మళ్ళీ ఏడు నొక్కింది.

సోమవారం లిఫ్టక్క, అమ్మాయిని అడిగి తెప్పించుకున్న ఆ పద్నాలుగు సెకండ్ల మెసేజ్ యజమాని ముందు పెట్టింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు. "ఆఫీసుకి ఒక సెల్‌ఫోను తీసుకుందాం. స్టిక్కర్లు మార్పిద్దాం" అన్నాడు. ఫోను ఆమెకు తిరిగిస్తూ, "మూగనోము అన్నాను కదూ ఆ రోజు" అని గొణిగాడు. కొత్త స్టిక్కరు మాటలు ప్రెస్సాయనే కూర్చాడు: ‘మాట్లాడగలిగితే ఫోన్ చేయండి. లేకపోతే మెసేజ్ రాయండి. రాయడమూ కుదరకపోతే ఫోన్ చేసి ఊరుకోండి. మేమే వెతుక్కుంటూ వస్తాం.’ అలాంటి ఫోను వస్తే అన్ని భవనాల వాచ్‌మన్‌లకూ ఫోన్ చేసి ఏ లిఫ్టు ఆగిందో కనుక్కోవాలన్నది లిఫ్టక్క కొత్త నియమం. నూట నలభై లిఫ్టులకూ అంటించేసరికి రెండు నెలలు పట్టింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం లిఫ్టక్కకు ఇదంతా కూతురికి చెప్పాలనిపించింది. ఫోన్ చెయ్యలేదు. లిఫ్టులో మనిషి సంగతి, పంతొమ్మిది తప్పులు, పాల సంచి తాతగారు, అంతా కలిపి పదకొండు ముక్కలుగా రాసి పంపింది.

పది నిమిషాలకు జవాబు వచ్చింది: "అమ్మా! ఇంత రాశావు, ఒక్క ప్రశ్న కూడా లేదు. ఒంట్లో బాగుందా?"

అప్పట్నుంచీ రోజుకొక ముక్క పంపేది. లిఫ్టులో చిక్కుకున్న పిల్లి గురించి. బస్సులో ఎవరో మర్చిపోయిన పెళ్ళిఫోటో గురించి, దాన్ని తిరిగివ్వడానికి తన భర్త ఆ రోడ్డులో ఇల్లిల్లూ తిరగడం గురించి. కూతురు నవ్వు బొమ్మలు పంపేది. తరవాత తరవాత తనూ రాయడం మొదలుపెట్టింది, హాస్టల్ గదిలో నల్లా కారడం గురించి, పక్క మంచం అమ్మాయి గురకల గురించి.

మూడో వారంలో, సాయంత్రం ఆరున్నర గంటల వేళ, ఒక పొడుగాటి మెసేజ్ వచ్చింది. "అమ్మా, ఒకటి చెప్తా. ఫోన్ మాత్రం చెయ్యకు, చదువు. ప్రాక్టికల్స్‌లో రెండోసారి కూడా ఫెయిలయ్యా. పేషెంటు ముందు కూర్చుంటే చేతులు వణుకుతున్నాయి. చెప్పలేకే నీ ఫోన్లు ఎత్తలేదు. నీ గొంతు వింటే ఏడుపొస్తుంది."

అప్పుడే డ్యూటీ దిగొచ్చి చొక్కా విప్పుతున్న భర్తకు ఆమె ఫోను అందించింది. ఆయన గుమ్మంలోనే నిలబడి చదివాడు. "చెయ్యవా మరి?" అన్నాడు.

"వద్దంది కదండీ."

ఆమెకు తెలుసు, ఇప్పుడు చేస్తే తన ఏడుపు తానే ఆపుకోలేదని. మంచం అంచున కూర్చుని రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చివరికి పంపింది ఇది: "చదివాను. నాన్న కూడా చదివారు. నాన్న టీ పెడుతున్నారు, పంచదార బదులు ఉప్పు వేసేలా ఉన్నారు. చేతులు నాకూ వణికాయి, కొత్తలో ఫోను పట్టుకుంటే. మాట్లాడాలనిపించినప్పుడు నువ్వే చెయ్యి. అనిపించకపోతే రాయి."

ఆ తరవాత అటునుంచి ఏమీ లేదు. ఆ మౌనాన్ని కదపకుండా ఉండడం ఆమెకు లిఫ్టులో మనిషిని కాచిన ముప్పావుగంట కన్నా కష్టమైంది.

మర్నాడు పొద్దున ఏడింటికి మెసేజ్: "ఖాళీయేనా? మాట్లాడొచ్చా?" ఆమె స్టవ్ కట్టేసింది. ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడుకున్నారు. మొదటి ఐదు నిమిషాలూ కూతురు ఏడ్చింది, తల్లి ఊఁ కొట్టింది. ఎక్కడున్నావనీ తిన్నావా అనీ అడగలేదు. చివర్లో కూతురే, "ఇంకా ఏం తినలేదు, వెళ్ళి తింటా" అంది.

పరీక్షకు మూడోసారి కూర్చుంటానంది. సాధన కోసం హాస్టల్లో వంటమనిషి దగ్గర్నుంచి వార్డెన్ దాకా అందరి కళ్ళూ చూసింది. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు తండ్రిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి నాలుగుసార్లు చూసింది. "ఇక నా కళ్ళల్లో చూడ్డానికేం మిగల్లేదే" అని ఆయన మొర పెట్టుకున్నాడు. కుట్టుపని అమ్మాయికి కళ్ళజోడు అవసరమని పట్టుకున్నది కూడా ఆ సెలవుల్లోనే. మాట వినపడని మనిషికి పరీక్ష చెయ్యాలంటే ప్రతిదీ రాసో సైగ చేసో చెప్పాలి కాబట్టి తొందరపడ్డానికి వీల్లేకపోయింది. ఆ అరగంటా చేతులు వణకలేదని కూతురు ఇంటికొచ్చాక గమనించుకుంది.

పరీక్ష అయిపోయి ఫలితాలు రావాల్సిన నెలంతా లిఫ్టక్క ఒకసారి కూడా అడగలేదు. అడగాలని నాలిక దురద పెట్టినప్పుడల్లా ప్రెస్సాయనకు మెసేజ్ పెట్టేది, ‘ఫలితం’లో ‘లి’ పొట్టిదా పొడుగుదా అని. ఆయనకు సంగతి తెలుసు. ప్రతిసారీ ఓపిగ్గా, "పొట్టిదే. నిరీక్షణకే దీర్ఘం ఉంటుంది" అని రాసేవాడు.

ఒక గురువారం, పదకొండు గంటల వేళ, లిఫ్టక్క ఫోన్లో ఉంది. రెండో అంతస్తు దగ్గర ఇరుక్కున్న ముసలి దంపతులు, లిఫ్టు ఎవరి వల్ల ఆగిందన్న దాని మీద లోపల పోట్లాడుకుంటున్నారు. ఇద్దరికీ సర్దిచెబుతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. తలెత్తి చూస్తే గుమ్మంలో కూతురు, భుజాన సంచి, చెదిరిన జుట్టు, నాలుగు గంటల బస్సు దుమ్ము.

ఆమె కుర్చీలోంచి సగం లేచింది. కానీ ఫోన్లో ముసలామె, "అమ్మా, ఉన్నావా?" అంటోంది. ఆమె కూతురి వైపు అరచెయ్యి చూపించి, "ఉన్నానమ్మా, చెప్పండి" అంది. కూతురు బల్ల పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుని, తల్లి సీసాలోని నీళ్ళు తాగుతూ, తల్లి మాట్లాడే తీరు వింటూ ఉండిపోయింది. పావుగంట. అటు తలుపు తెరుచుకుని ముసలాయన, "గెలిచింది నేనే" అని ఫోను పెట్టేశాడు.

"ఫోన్ చేద్దామనుకున్నా" అంది కూతురు. "తరవాత మెసేజ్ టైపు చేశా. అదీ చెరిపేశా. వచ్చేశా."

"మంచిపని చేశావు."

"అడగవేంటమ్మా?"

"ఇంత దూరం చెప్పడానికే వచ్చావుగా."

"పాసయ్యానమ్మా" అంది కూతురు. అని, ఏడుస్తానేమో అనుకుంది కానీ నవ్వొచ్చింది. ఏడుపు తల్లికొచ్చింది. లోపలి గదిలోంచి యజమాని వచ్చి, ఏమైందని అడిగి, తెలుసుకుని, ఆమె కుర్చీ లాక్కుని తానే ఫోను ముందు కూర్చున్నాడు. "మధ్యాహ్నందాకా నేను చూసుకుంటాలే, వెళ్ళండి. మీ నాన్నకి చెప్పారా?"

"డ్యూటీలో ఉన్నారు, ఫోను సంచిలో ఉంటుంది" అంది లిఫ్టక్క.

ఇద్దరూ మెట్లు దిగి, టైర్ల కొట్టు దాటి, బస్టాపులో నిలబడ్డారు. ఆయన బస్సు పన్నెండూ పదికి ఆ దారినే వస్తుంది. ఎండగా ఉంది. కూతురు సంచిలోంచి మార్కుల కాయితం తీసి, మడతలు విప్పి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. మలుపు తిరిగిన బస్సు దగ్గరికొచ్చేకొద్దీ నెమ్మదించింది. అద్దం వెనక ఆయన ముందు కాయితాన్ని చూశాడు, తరవాత కూతుర్ని చూశాడు. ఏనాడూ ఊరికే హారను కొట్టని మనిషి, బస్సులో జనమంతా ఉలిక్కిపడేలా రెండుసార్లు కొట్టి, ముందు తలుపు తెరిచాడు.